ఎడారికి పూసిన పసుపు

కామెర్లవానికి లోకమంతయు పచ్చగా కనబడునని మన సామెత. దోషము కంటిదే గాని లోకముది కాదని దాని భావము. కామెర్లు కుదిరినచో లోకము మరల తన రంగులతోనే అగపడును. కాని కన్ను నిక్షేపముగా నుండగా లోకమునే పచ్చగా మార్చి చూపు విద్య యొకటి యీ నూఱేండ్లలో పెరిగి పెద్దదైనది. అది సినిమావారి విద్య. దాని చరిత్రను గృహస్థులు కొంచెమైనను ఎఱిగియుండుట మేలని తలచి యీ వ్యాసము వ్రాయుచున్నాను. ఇందుకు పురికొల్పినది మా గౌలిపురలో జరిగిన యొక చిన్న సంగతి.

గౌలిపుర హైదరాబాదు పాతనగరములోని పూర్వపు పేటలలో నొకటి. గౌలీలనగా పశువులను పెంచి పాలమ్ముకొని జీవించువారు. వారి పేరే పేటకు నిలిచినది. నగరము చుట్టును ప్రాకారముండిన దినములలో దాని దర్వాజాలలో ఒకటి గౌలిపుర దర్వాజా. నేడు ఆ గోడయు లేదు, ఆ దర్వాజాయు లేదు. ఆషాఢమున బోనాలు వచ్చినప్పుడు మాత్రము ఈ వీధులలో రంగులకు కొదువ యుండదు. కుండలకు పూసిన పసుపు, దానిపై కుంకుమ బొట్లు, వేపమండల యాకుపచ్చ, పట్టుచీరల ఎఱుపు, అన్నియు ఒక్క చోటనే కనబడును. పాతనగరపు కుటుంబములలో అనేకములనుండి ఒకరో యిద్దరో గల్ఫు దేశములకు పనికి పోయియుందురు. మా పొరుగింటి గృహస్థుడును అట్టివాడే.

గడచిన ఆషాఢమున ఒకనాటి రాత్రి నేను వారింటికి వార్తాపత్రిక తిరిగి యిచ్చుటకు పోతిని. ఇంటిల్లిపాదియు టెలివిజనులో ఒక పరదేశపు చిత్రమును చూచుచుండిరి. తెరపై ఎడారి. ఆకాశము పసుపు, ఇసుక పసుపు, ఇంటి గోడలు పసుపు, మనుష్యుల ముఖములును వారు కట్టిన తెల్లని బట్టలును సైతము పసుపు. ఎనిమిదేండ్ల పిల్ల నా వైపు తిరిగి, “తాతా, మా నాయిన ఉన్నకాడ గిట్లనే పచ్చగుంటదా? నాయినకు ఊపిరాడుతదా?” అని అడిగెను. తల్లి “ఊకో బిడ్డా, సిన్మా అది” అని కసరినది గాని, ఆమె చూపు తెరమీదనే నిలిచిపోయినది. భర్త పోయి మూడేండ్లైనది. ఆ దేశమెట్లుండునో ఆమెయు సినిమాలలోనే చూచినది.

శుక్రవారము అతనికి సెలవు. ఫోనులో ముఖములు చూచుకొనుచు మాటలాడు వేళ పిల్ల “నాయినా, బయట చూపియ్యి” అని పట్టుబట్టెను. అతడు నవ్వి ఫోనును కిటికీవైపు త్రిప్పెను. నీలాకాశము; సున్నము కొట్టినట్లు తెల్లనైన ఎండ; బూడిదరంగు సిమెంటు కట్టడములు; రోడ్డు ప్రక్కన వరుసగా వేపచెట్లు. “గాడ యాపచెట్లుంటయా!” అని తల్లి ఆశ్చర్యపడి, మఱి కొంతసేపు ఆ చెట్లనే చూపుమని అడిగినది. మూడేండ్లనుండి ఆ యిల్లాలి మనస్సులో నుండిన దేశమొకటి, భర్త నివసించుచున్న దేశము వేఱొకటి. ఈ రెంటి నడుమ అడ్డముగా నిలిచినది కొంచెము పసుపు రంగు. ఆ రంగు ఎక్కడనుండి వచ్చినది? ఎవరు పూసిరి? ఎందుకు పూసిరి?

బొమ్మకు రంగు పూయుట నిన్న మొన్నటి పని కాదు. ఛాయాచిత్రములు నలుపు తెలుపులలోనే వచ్చుచుండిన కాలమున వానిపై కుంచెతో రంగులద్దు చిత్రకారులు మన దేశమంతట నుండిరి. ఆరవ నిజాము ఆస్థానమున ఛాయాగ్రాహకుడై రాజా బిరుదము పొందిన లాలా దీనదయాళు (1844–1905) నాటికే ఈ యలవాటు వ్యాపించియుండెను. తలపాగాకు ఎఱుపు, నగలకు బంగారు వన్నె, తివాచీకి ఆకుపచ్చ పూసెడివారు. బొమ్మ కొనువానికి అది చేతితో పూసిన రంగని స్పష్టముగా తెలియును. తెలిసి మెచ్చుకొనుటయే గాని అందులో మోసపోవుట లేదు.

మూకచిత్రముల కాలమున సినిమాకును ఇట్టి సంస్కారమే జరిగెను. నలుపు తెలుపుల ఫిలిమును రంగునీటిలో ముంచి యెత్తెడివారు. రాత్రి దృశ్యమునకు నీలము, మంటలకు ఎఱుపు, దీపపు వెలుతురునకును పగటి యెండకును పసుపుడాలు. తెర అంతయు ఒకే రంగుగా నుండుటచే ప్రేక్షకులు దానిని నిజమని భ్రమపడలేదు. మన వీధిభాగవతములలో వేషధారి ముఖమునకు అర్దళము పూసికొని వచ్చినప్పుడు మనుష్యుని చర్మమంత పసుపుగా నుండునని ఏ పల్లెటూరివాడును అనుకొనలేదు. అది వేషమని వానికి తెలియును. నీలపు తెర రాత్రికి వేషము, పసుపు తెర పగటికి వేషము. ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని నడుమ ఒక యొడంబడిక యుండెను.

1920వ దశాబ్దము చివర సినిమాకు మాట వచ్చెను. ఫిలిము అంచున అచ్చైన ధ్వనిరేఖకు ఈ రంగునీళ్ళు చెఱుపు చేయుచుండుటచే, 1929లో అమెరికా దేశపు కొడాక్ కంపెనీ ధ్వనికి అడ్డురాని ముందే రంగు వేసిన ఫిలిమును ‘సోనోక్రోమ్’ అను పేర విడుదల చేసెను. అందలి ఒక్కొక్క డాలుకు ఒక్కొక్క ముద్దుపేరు పెట్టిరి. ఒకటి సూర్యకాంతి, ఒకటి దీపశిఖ, ఒకటి రాత్రిగీతము, ఒకటి నరకాగ్ని అని అర్థమిచ్చు పేర్లు. ఈ చిన్న సంగతిని మనము గమనింపవలెను. రంగులకు సంఖ్యలు గాక భావములే పేర్లుగా అంగటిలోనికి వచ్చినవి. అనగా ఏ రంగు చూపిన ప్రేక్షకుని మనస్సున ఏ భావము పుట్టునో ముందే లెక్క కట్టి అమ్మజూచిరన్నమాట.

తరువాత నిజమైన రంగుల ఫిలిము వచ్చెను. మూడు ఫిలిముపట్టీలపై మూడు రంగులను విడివిడిగా పట్టు టెక్నికలర్ పద్ధతిలో 1935లో మొదటి పూర్తి నిడివి కథాచిత్రము వెలువడగా, మఱుసటి యేడే, 1936లో, ‘ది గార్డెన్ ఆఫ్ అల్లా’ అను ఎడారి కథ వచ్చినది. కథ జరుగునది ఆఫ్రికాలోని సహారాలో. చిత్రము తీసినది అమెరికాలోని యూమా పట్టణ ప్రాంతపు ఇసుకతిన్నెలలో. నాటికే ఒక దేశపు ఎడారికి మఱియొక దేశపు ఎడారి బదులు నిలుచుట ఆరంభమైనది. అయినను ఆ ఇసుకపై పడిన వెలుతురు సూర్యునిదే. రంగుల పొందికకు ఆ చిత్రమునకు అకాడెమీవారు ప్రత్యేక బహుమానమిచ్చిరి. టెక్నికలర్ కంపెనీ రంగుల పర్యవేక్షకురాలు నటలీ కాల్మస్ 1935లో ప్రకటించిన వ్యాసమున రంగులు మితి మీరినచో కంటికిని మనస్సునకును వెగటు పుట్టునని హెచ్చరించెను. రంగును అమ్ముకొను కంపెనీలోని స్త్రీయే మితమును బోధించుట గమనింపదగినది.

ఎడారిని ఎడారిగా చూపిన చిత్రములలో 1962 నాటి ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ను మొదట చెప్పవలెను. జోర్డాను దేశములోని వాదీ రమ్ లోయయందును, స్పెయిను, మొరాకో దేశములయందును దానిని తీసిరి. ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ యంగ్. అందులో ఇసుకకు ఒక్కటే రంగు లేదు. వేకువను ఒక వన్నె, మిట్టమధ్యాహ్నమున కన్నులు మిఱుమిట్లుగొలుపు తెలుపు, సాయంకాలమున మఱియొక వన్నె. మన దేశమున 1974లో సత్యజిత్ రాయ్ ‘సోనార్ కెల్లా’ను జైసల్మేరు కోటయొద్ద తీసెను. ఆ కోట నిజముగనే పసుపుపచ్చని రాతితో కట్టినది. ఎండలో బంగారమువలె మెఱయును. ఇచ్చట పసుపు స్థలమున నున్నది, తెరకు వచ్చినది. స్థలమున నున్న పసుపును చూపుట వేఱు, లేనిచోట పూయుట వేఱు అను భేదమును చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక.

ఆ కాలమున రంగు దిద్దుట లేకపోలేదు. ప్రయోగశాలలో ప్రతి ముద్రించునప్పుడు ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగులను ఏబది మెట్ల కొలతపై హెచ్చించియు తగ్గించియు ఒక దృశ్యమునకును మఱియొక దృశ్యమునకును పొత్తు కుదిర్చెడివారు. ఉదయము తీసినదియు మధ్యాహ్నము తీసినదియు ఒకే వేళ తీసినట్లు కనబడవలెనుగదా! అయితే ఆ మార్పు తెర మొత్తమునకు వర్తించును. ఆకాశమును విడిచి ఇసుకను మాత్రము మార్చుటకు వీలులేదు. ప్రకృతి అనుమతించిన మేరకే దిద్దుబాటు సాగెడిది. మన తెలుగులో మొదటి పూర్తి నిడివి రంగుల చిత్రమైన ‘లవకుశ’ 1963లో వచ్చినది. మధ్యలో ఆగి ఆగి సాగిన దాని నిర్మాణము ఏండ్ల తరబడి జరిగినది. నాటివారికి రంగు అపురూపమైన వస్తువు. దక్కిన రంగులను తెరమీదనుండి తుడిచివేయు దినము వచ్చునని వారు తలచియుండరు.

2000 సంవత్సరము ఈ చరిత్రలో మలుపు. ఆ యేడు వచ్చిన ‘ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?’ అను చిత్రమును ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్ అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రమున, చెట్లు చేలు నిండు పచ్చగా నున్న వేసవిలో తీసెను. కథకు కావలసినది ఎండి బీడైన నేల. అంతట ఫిలిమును మొదటినుండి తుదివరకు కంప్యూటరులోని కెక్కించి, ఆకుల పచ్చదనమును మాత్రమే పట్టుకొని దానిని ఎండుగడ్డి రంగునకు మార్చిరి. పూర్తి నిడివి చిత్రమంతయు ఈ విధముగా దిద్దబడుట అదియే తొలిసారి యని చెప్పుదురు. ఈ పనికి ఆ వృత్తివారు పెట్టిన పేరు కలర్ గ్రేడింగు. మన హైదరాబాదు స్టూడియోలలో వాడుక మాట డీ.ఐ. నాటినుండి ఆకాశము వేఱు, నేల వేఱు, చర్మము వేఱు, చొక్కా వేఱు. దేనికి కావలసిన రంగు దానికి పూయవచ్చును.

అదే 2000 సంవత్సరమున ‘ట్రాఫిక్’ అను చిత్రము వచ్చినది. అందు మాదకద్రవ్యముల వ్యాపారమును గూర్చిన మూడు కథలు కలిసి నడచును. అమెరికా అధికారుల కథకు చల్లని నీలము; మెక్సికో దేశపు కథకు పొగాకు వన్నె అద్దము అడ్డుపెట్టి తీసిన కాల్చినట్టి పసుపు. ఏ కథ ఎచ్చట జరుగుచున్నదో ప్రేక్షకుడు తడబడకుండుటకు దర్శకుడు స్టీవెన్ సోడర్‌బర్గ్ ఎంచుకొన్న గుర్తు అది. ఆ యొక్క చిత్రమునకు అది చక్కని ఉపాయమే. కాని సరిహద్దు దాటగానే సూర్యుడు మారునా? ఒకరు గుర్తుగా వాడినదానిని పదుగురు అలవాటుగా పట్టుకొనిరి. తరువాతి యిరువది యేండ్లలో మెక్సికో యైనను, అరబ్బు దేశమైనను, మన దేశమైనను, అమెరికా చిత్రములలో బీదదేశము తెరమీదికి రాగానే పసుపు కమ్ముకొనుట రివాజైపోయినది.

ఈ రివాజు ఎంతవరకు పోయినదో తెలియుటకు 2020లో వచ్చిన ‘ఎక్స్‌ట్రాక్షన్’ చాలును. కథ ఢాకా నగరమున జరుగును. చిత్రములో చాల భాగము తీసినది అహమ్మదాబాదునందును థాయిలాండునందును. ఢాకా నదులు పెనవేసికొనిన డెల్టాభూమి. ఏటికి సుమారు 2000 మిల్లీమీటర్ల వాన కురియును. మన అనంతపురము జిల్లాలో కురియునది 550 మిల్లీమీటర్లకు అటునిటు. ఇంత నీటి నడుమ నున్న ఊరికి సైతము ఎడారి పసుపునే పూసిరి. ప్రేక్షకులు పలువురు దీనిని ఎత్తిచూపి నవ్విరి. నవ్వుటకు తగినదే గాని, ఢాకావారికి అది నవ్వులాట కాదు.

ఇంతకంటె వింతయైనది ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’ కథ. 2015లో విడుదలైన ఈ చిత్రమును మొదట ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ అను ఊరి చుట్టునున్న ఎఱ్ఱనేల యెడారిలో తీయ సంకల్పించిరి. ఇంతలో ఆ ప్రాంతమున భారీ వర్షములు కురిసి, ఎడారి యంతయు పచ్చబడి, అడవిపూలు విరగబూచినవి. ఎడారికి ఎడారి వేషము లేకపోయినందున చిత్రవర్గము సరంజామా యంతయు ఎత్తుకొని సముద్రములు దాటి ఆఫ్రికాలోని నమీబియాకు పోవలసివచ్చెను. అచ్చట తీసిన దృశ్యములకు మరల గాఢమైన నారింజరంగును నీలమును దిద్దిరి. ఎడారి పూచుట ఎడారి స్వభావములో నొక భాగమే. విత్తనములు ఏండ్ల తరబడి ఇసుకలో పడియుండి ఒక్క వానకు మొలకెత్తును. కాని మన మనస్సులలో స్థిరపడిన బొమ్మలో పూలకు చోటు లేదు గనుక, నిజమైన ఎడారి నటనకు పనికిరాలేదు.

ఇంతకు ఎడారుల నిజమైన రంగెట్టిది? ఒక్కటి కాదు. మధ్య ఆసియాలోని కిజిల్‌కుమ్ అను పేరునకు ఎఱ్ఱ ఇసుక యని అర్థము; దాని పొరుగున నున్న కారాకుమ్ అను పేరునకు నల్ల ఇసుక యని అర్థము. అమెరికాలోని వైట్ శాండ్స్ తిన్నెలు జిప్సమ్‌తో ఏర్పడినవగుటచే ఉప్పురాశులవలె తెల్లగా నుండును. నమీబు ఇసుకరేణువులకు ఇనుపతుప్పు పట్టియుండుటచే అవి ఎఱ్ఱగా నగపడును. సహారాలో ఇసుక పఱచుకొన్నది సుమారు నాల్గవ వంతు నేల మాత్రమే. తక్కినది రాయి, గులకనేల, కొండ. మన థారు ఎడారిలో వానకాలమున గడ్డి మొలచును, జమ్మిచెట్లు నిలిచియుండును, లక్షలాది జనులు కాపురముందురు.

వెలుతురు సంగతియు తలక్రిందులుగనే చూపబడుచున్నది. సూర్యుడు నడినెత్తిన నున్నప్పుడు ఎండ తెల్లగా నుండును. ఉదయసాయంకాలములందు కిరణములు ఏటవాలుగా చాల దూరము గాలిలో ప్రయాణము చేయుటచే నీలపు వెలుగు చెదరిపోయి పసుపు, ఎఱుపు మిగులును. అనగా ఎండ పసుపుగా నుండునది తాపము తక్కువగా నుండు వేళ. మిక్కిలి మండు వేళ దాని రంగు తెలుపు. సినిమా మాత్రము పసుపునే వేడిమికి గుర్తుచేసినది. గాలిదుమారము లేచినప్పుడు ఆకాశము పసుపుగా మాఱుట నిజమే. అది ఒకనాటి ముచ్చట. సంవత్సరమంతయు దుమారము లేవదు.

చిత్రకారునికి స్వేచ్ఛ లేదా, తాను ఊహించిన రంగు తాను పూసికొనరాదా యని కొందఱు అడుగుదురు. తప్పక పూసికొనవచ్చును. ఈ విద్యను నేను నిందింపబోవుట లేదు. 1957 నాటి ‘మాయాబజారు’ను హైదరాబాదులోని సాంకేతికులే కంప్యూటరుతో రంగులలోనికి మార్చి 2010లో విడుదల చేసిరి. పాత చిత్రమును మరల చూడవలెనను కోరికతో, ఇది దిద్దిన రంగని చాటి చెప్పి చేసిన పని అది. నలుపు తెలుపుల మూలచిత్రమును యథాతథముగ నున్నది. దానిని ఎవరును మోసమనరు. నా యాక్షేపణ రంగుపై కాదు. ఏ దేశమునకైనను, ఏ వేళకైనను, ఏ జనమునకైనను విచారింపకయే ఒకే రంగును పూయుటపైనను, పూసినదానిని ప్రకృతియే యనిపించుటపైనను నా యాక్షేపణ.

వేడిమిని తెరపై చూపుటకు రంగు తప్ప వేఱు దారి లేదని చెప్పుటయు నిజము కాదు. బెన్యామిన్ 2008లో వ్రాసిన ‘ఆడుజీవితం’ అను మలయాళ నవలను దర్శకుడు బ్లెస్సీ చిత్రముగా తీయగా, అది 2024లో తెలుగులో కూడ వచ్చినది. గొఱ్ఱెల మందల నడుమ చిక్కుకొనిన ఒక కేరళ కూలివాని కథ అది. అందులో ఎండ ఎట్టిదో ఆ మనుష్యుని పగిలిన పెదవులును, బక్కచిక్కిన దేహమును, నీళ్ళకొఱకు వాని తహతహయు చెప్పును. ఎండను దేహముపై చూపినవానికి ఆకాశముపై పూయవలసిన అక్కఱ తక్కువ. అరబ్బు ప్రభుత్వములును తమ యెండను ఎఱుగనివి కావు. ఎమిరేట్లలో జూను 15 మొదలు సెప్టెంబరు 15 వఱకు మధ్యాహ్నము 12.30 నుండి 3 గంటలవఱకు ఆరుబయట పని చేయించరాదను నిబంధన కలదు. కతారులో 2021నుండి వేసవిలో ఉదయము 10 గంటలు మొదలుకొని మధ్యాహ్నము 3.30 వఱకు నిషేధము. మా పొరుగింటి యిల్లాలు తెలిసికొనవలసినది ఈ గంటలను గూర్చి, నీటిని గూర్చి, భర్త నిద్రించు గదిని గూర్చి, జీతము చేతికందు తేదీని గూర్చి. పసుపు తెర ఆమెకు భయమును మాత్రము ఇచ్చినది, తెలివిని ఇయ్యలేదు. తెలిసికొనుట కష్టము, పూయుట సులభము. ఆ సులభమైన పనియే కష్టమైన పనికి బదులుగా చెల్లుబాటగుచున్నది. అసలు కీడు ఇదియే.

పరదేశీయులను మాత్రమే అని ప్రయోజనమేమి? మనవారు చేయుచున్నదేమి? రాయలసీమ పేరెత్తగానే మన సినిమాలలో ఎఱ్ఱదుమ్ము లేచును, ముండ్లకంపలు కనబడును, కత్తులు మెఱయును. ఆ సీమలో కర్నూలు–కడప కాలువ క్రింది వరిచేలు కలవు, అనంతపురపు వేరుసెనగ చేలకు పచ్చని ఋతువు కలదు. అవి తెరకెక్కుట అరుదు. తెలుగునాట ఎడారిని పోలిన నేల నిజముగా చూడవలెనన్నచో అనంతపురము జిల్లా బొమ్మనహాళు మండలములో దర్గా హొన్నూరు, గోవిందవాడ గ్రామములకు పోవలెను. వేదవతి యను హగరి నదినుండి గాలికి కొట్టుకొనివచ్చిన ఇసుక అచ్చట పొలములపై మేటలు వేసినది. రైతులు ఆ యిసుకతో పోరాడుచు సేద్యము చేయుచున్నారు. ఇట్టి కథను వెదకి పోవువారు తక్కువ; కొండగుట్టలకు ఎఱుపు దట్టించువారు ఎక్కువ.

2018లో కన్నడమునను తెలుగునను వచ్చిన ‘కేజీఎఫ్’ను చూచినవారికి కోలారు బంగారుగనుల ఊరు నల్లని బూడిదతో కప్పబడిన నరకమువలె మనస్సున నాటుకొనినది. తెలుగు, తమిళ, కన్నడ కుటుంబములు తరతరములుగా కలిసి కాపురమున్న ఆ ఊరు నిజమునకు చల్లని యెత్తు ప్రదేశము. దొరలు దానిని చిన్న ఇంగ్లండని ముద్దుగా పిలుచుకొనిరి. 2001లో గనులు మూతపడి జీవనము కోల్పోయినవారి బాధ నిజమైనది. కాని ఆ బాధకు నల్లరంగు లేదు. మా పాతనగరమునకును ఇట్టి గతియే పట్టినది. సినిమాలో చార్మినారు చుట్టును ఎల్లప్పుడు పొగ, పసుపు దీపములు, కుట్రలు. గౌలిపుర పిల్లవాడు బడిసంచి తగిలించుకొని నీలాకాశము క్రింద పోవు ఉదయము ఆ చిత్రములకు అక్కఱలేదు. మనలను ఇతరులు అట్లు చూపినప్పుడు నొచ్చుకొనుదుము; మనము ఇతరులను అట్లు చూపినప్పుడు చప్పట్లు చఱతుము.

ఇంకను దగ్గఱకు వచ్చి చూతము. పెండ్లిచూపులకు పంపు పిల్ల ఫోటోను స్టూడియోవాడు ఏమి చేయుచున్నాడు? చామనచాయను తుడిచి తెలుపు పూయుచున్నాడు. ఎడారికి పసుపు పూయు సాధనమునకును, పెండ్లికూతురికి తెలుపు పూయు సాధనమునకును జాతిభేదము లేదు. ఒకచోట భూమికి అవమానము, ఒకచోట బిడ్డకు అవమానము. సంస్కారము కోరు తల్లిదండ్రులు ఆ దిద్దిన ఫోటోను తిరుగగొట్టి, మా బిడ్డ మా బిడ్డగానే కనబడవలెనని చెప్పుటకు ఒక్క నిమిషపు ధైర్యము చాలును. ఈ ధైర్యము లేనివారికి హాలీవుడ్డును నిందించు నైతికాధికారము లేదని నా నమ్మకము.

పసుపు మనకు చెడ్డరంగు కాదు. మన భాషలో పచ్చ యను మాటయే పసుపునకును చిగురాకునకును చెల్లుచున్నది. కాపురము పచ్చగా నుండవలెనని దీవింతుము; గడపకు పసుపు రాతుము; బోనపు కుండకు పసుపు పూయుదుము. ఆ పసుపు గౌరవముతో పూసినది. పూసిన చేయి ఎవరిదో మనకు తెలియును. తెరమీది పసుపు పూసిన చేయి కానరాదు. కానరాని ఆ చేతిని చూచుట నేర్చుకొనుటయే నేటి గృహస్థులు చేయవలసిన పని. పిల్లలతో కలిసి చిత్రము చూచునప్పుడు, ఈ ఆకాశమెందుకు పచ్చగా నున్నది, ఆ ఊరివాని తెల్లచొక్కా నిజముగా ఏ రంగై యుండును, ఈ చిత్రము తీసినదెచ్చట, అని ఒకటి రెండు ప్రశ్నలు వేయుడు. చిత్రము చూచు సుఖమునకు లోపము రాదు. పిల్లల బుద్ధి మాత్రము పదునెక్కును. మన స్టూడియోలలో ఈ విద్యలో ఆరితేరిన యువకులు అనేకులు కలరు. ఏ స్థలమునకు ఆ స్థలపు వెలుతురు దక్కించుట కూడ వారి నేర్పులో భాగమేనని నిర్మాతలు గుర్తింపవలెను.

పొరుగింటి పిల్ల మొన్న తండ్రికి పంపుటకు ఒక బొమ్మ గీసినది. ఇసుకకు పసుపుచాక్పీసు వాడినది. అది తప్పు కాదు. ఆకాశమునకు నీలము వేసినది. రోడ్డు ప్రక్కన మూడు వేపచెట్లు నిలిపి, వానిలో ఒకదాని నీడలో తండ్రిని కూర్చుండబెట్టినది. తల్లి ఆ బొమ్మను గోడకు అంటించి, తరువాత ఫోనులో తీసి భర్తకు పంపినది.